పూర్తికాని ఆటకు ముందస్తు టిక్కెట్టు

సగం రీళ్ళే తయారైన సినిమాకు పూర్తి టిక్కెట్టు కొని, మిగతా సగం ఎలా ఉండాలో నిర్మాతకు చెప్పే ప్రేక్షకుడు ఎక్కడైనా ఉంటాడా? కంప్యూటర్ ఆటల ప్రపంచంలో అటువంటి ప్రేక్షకులు లక్షల సంఖ్యలో ఉన్నారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ కేంద్రంగా పనిచేసే గ్రైండింగ్ గేర్ గేమ్స్ సంస్థ 2024 డిసెంబరు 6న ‘పాత్ ఆఫ్ ఎక్సైల్ 2’ అనే ఆన్‌లైన్ ఆటను అసంపూర్తి రూపంలోనే అమ్మకానికి పెట్టగా, ఆ వారాంతంలో ఒక్క స్టీమ్ విక్రయ వేదిక ద్వారానే ఒకే సమయంలో 5 లక్షల 78 వేల మందికి పైగా అందులో ప్రవేశించారు. వారు చెల్లించిన ధర 30 డాలర్లు. నాటి మారకపు విలువ ప్రకారం ఇది సుమారు రెండున్నర వేల రూపాయలు.

ఆట పూర్తి కాలేదన్న సంగతి కొన్నవారందరికీ తెలుసు. అమ్మినవారు దానిని దాచనూ లేదు. అయినప్పటికీ తరువాతి ఏడాది కాలంలో ఆ సంస్థకూ, కొనుగోలుదారులకూ మధ్య నడిచిన వివాదాలను పరిశీలిస్తే, అమ్ముడైనది సరకు మాత్రమే కాదని, దాని వెనుక ఉన్న ఆశ కూడా అమ్ముడైందని అర్థమవుతుంది. ఆశకు వెల కట్టడం సులభమే గాని, దానికి రసీదు ఇవ్వడం కష్టం.

ఏమిటీ పద్ధతి?

ఆట నిర్మాణం పూర్తి కాకముందే దానిని కొన్నవారికి అందుబాటులోకి తెచ్చే విధానాన్ని ‘ఎర్లీ యాక్సెస్’, అనగా ముందస్తు ప్రవేశం అని వ్యవహరిస్తున్నారు. అమెరికాకు చెందిన వాల్వ్ కార్పొరేషన్ తన స్టీమ్ వేదికపై 2013 మార్చిలో దీనికి ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. పెట్టుబడి కొరతతో సతమతమయ్యే చిన్న నిర్మాతలకు మధ్యలోనే కొంత రాబడి లభించడం, ఆటగాళ్ళు పట్టిచ్చే లోపాలను సరిదిద్దుకునే వీలు కలగడం దీనివల్ల ఒనగూడే ప్రయోజనాలు. కొనుగోలుదారు ఇక్కడ వినియోగదారుగానే గాక, ఒక విధంగా వేతనం లేని పరీక్షకుడుగా, వడ్డీ రాని మదుపుదారుగా కూడా వ్యవహరిస్తాడు.

‘పాత్ ఆఫ్ ఎక్సైల్’ యాక్షన్ రోల్ ప్లేయింగ్ కోవకు చెందిన ఆట. ఆటగాడు ఒక యోధుని పాత్రను ఎంచుకొని, శత్రువులతో పోరాడి, వారి నుంచి ఆయుధాలు, కవచాలు సేకరించి, తన పాత్ర శక్తిని క్రమంగా పెంచుకుంటూ పోవాలి. 1996 చివరలో అమెరికాలో వెలువడిన ‘డయాబ్లో’ ఈ తరహా ఆటలకు ఒరవడి పెట్టింది. దాని రెండవ భాగం 2000లో రాగా, మూడవ భాగం కోసం అభిమానులు 2012 వరకు నిరీక్షించవలసి వచ్చింది. తీరా అది వెలువడిన రోజున సర్వర్లు రద్దీని తట్టుకోలేక మొరాయించాయి. ఆటలోని వస్తువులను నిజమైన డబ్బుకు అమ్ముకునేందుకు అందులో ఏర్పాటు చేసిన వేలం శాల అభిమానుల నిరసనకు గురై 2014 మార్చిలో మూతపడింది. రెండవ, మూడవ భాగాలపై పెరిగే ఆశ ఎంత బరువైనదో ఈ రంగానికి అప్పుడే తెలిసివచ్చింది.

గ్రైండింగ్ గేర్ గేమ్స్ సంస్థను 2006లో క్రిస్ విల్సన్, జోనథన్ రోజర్స్ ప్రభృతులు స్థాపించారు. వారి తొలి ఆట 2013 అక్టోబరులో అధికారికంగా విడుదలైంది. దానిని ఉచితంగానే ఆడవచ్చు. పాత్రల అలంకరణలు, వస్తువులను దాచుకునే అరలు వంటివి అమ్మడం ద్వారానే సంస్థ ఆదాయం గడిస్తూ వచ్చింది. డబ్బు ఎక్కువ చెల్లించినవాడికే గెలుపు దక్కే ఏర్పాటు ఉండదన్న పేరు దానికి ఆటగాళ్ళలో విశ్వసనీయతను తెచ్చిపెట్టింది. 2018లో చైనాకు చెందిన టెన్సెంట్ ఇందులో మెజారిటీ వాటా చేజిక్కించుకుంది.

అయిదేళ్ళ నిరీక్షణ

రెండవ భాగాన్ని 2019 నవంబరులో ఆక్లాండ్‌లో జరిగిన అభిమానుల సమ్మేళనంలో ప్రకటించారు. అది తొలి ఆటకే కొనసాగింపుగా, రెండూ ఒకే ఆటలో కలిసిపోయేలా ఉంటుందని అప్పట్లో చెప్పారు. కాగా 2023 జులైలో జరిగిన మరో సమ్మేళనంలో ఆ ఆలోచన మారింది. రెండూ వేర్వేరు ఆటలుగా పక్కపక్కనే కొనసాగుతాయని, పాత ఆటలో కొన్న అలంకరణలు కొత్త ఆటలోనూ చెల్లుబాటవుతాయని సంస్థ వెల్లడించింది. ముందస్తు ప్రవేశానికి మొదట 2024 నవంబరు 15ను ఖరారు చేసి, సర్వర్లకు సంబంధించిన పనులు మిగిలి ఉన్నందున మూడు వారాలు వాయిదా వేశారు.

అమ్మకానికి పెట్టిన నాడు వాగ్దానానికీ, వాస్తవానికీ మధ్య ఉన్న దూరం లెక్కల్లోనే కనిపించింది. పూర్తి ఆటలో 12 రకాల యోధులు ఉంటారని చెప్పగా, తొలినాడు అందించినవి ఆరు. కథ ఆరు అంకాలకు విస్తరించవలసి ఉండగా, లభించినవి మూడు. ఆ మూడింటినే మరింత కఠినమైన స్థాయిలో రెండవసారి ఆడి, ఆ తరువాతి దశకు చేరుకోవాలి. ముందస్తు దశ కనీసం ఆరు నెలలు కొనసాగవచ్చునని, పూర్తయ్యాక మొదటి ఆట మాదిరిగానే ఉచితంగా లభిస్తుందని సంస్థ తెలియజేసింది. అంటే 30 డాలర్లు చెల్లించినవారు కొన్నది ఆటను కాదు, అందరికన్నా ముందు అందులో అడుగుపెట్టే హక్కును. ఆ సొమ్ముకు సమానమైన పాయింట్లను ఆటలో ఖర్చుపెట్టుకునేందుకు తిరిగి ఇచ్చారు. పాత ఆటలో మొత్తం 480 డాలర్లు, అంతకు మించి ఖర్చుచేసిన వారికి ప్రవేశం ఉచితంగానే లభించింది.

ఎవరి ఆశ వారిది

ఆటగాళ్ళంతా ఒకే వస్తువును కొన్నప్పటికీ, వారు ఆశించినది ఒకటి కాదు. మొదటి ఆటను ఏళ్ళ తరబడి ఆడినవారు వేగానికి అలవాటుపడ్డారు. తెరనిండా ఉన్న శత్రువులను రెప్పపాటులో తుడిచిపెట్టడం వారికి నిత్యకృత్యం. రెండవ భాగంలో రూపకర్తలు దీనికి భిన్నమైన మార్గాన్ని ఎంచుకున్నారు. శత్రువు దెబ్బను గమనించి, పక్కకు దొర్లి తప్పించుకొని, అదను చూసి కొట్టాలి. ప్రతి పోరాటానికీ బరువు ఉండాలన్నది వారి ఉద్దేశం. పాత ఆట క్లిష్టతకు జంకి దూరంగా ఉన్న కొత్తవారు ఈ మార్పును స్వాగతించగా, పాతకాపులు అసహనం వ్యక్తం చేశారు.

మొదటి వారాల్లో ఫిర్యాదులు ప్రధానంగా మూడు అంశాలపై వచ్చాయి. చంపిన శత్రువుల నుంచి లభించే వస్తువులు చాలడం లేదన్నది ఒకటి. ఒకసారి ఎంచుకున్న నైపుణ్యాలను మార్చుకోవడానికి ఆటలోని బంగారం భారీగా వెచ్చించవలసి రావడం రెండవది. చివరి దశలో ఒక్కసారి మరణిస్తే అప్పటివరకు పోరాడిన ప్రదేశం చేజారిపోవడంతోపాటు, సంపాదించిన అనుభవాంకాల్లో కొంత భాగం కోల్పోవడం మూడవది. వస్తువుల లభ్యతను పెంచి, మార్పిడి ఖర్చును తగ్గించే సవరణలను సంస్థ రోజుల వ్యవధిలోనే విడుదల చేసింది. మరణం విషయంలో సడలింపు 2025లో వచ్చింది. ముందస్తు ప్రవేశం అన్న మాటకు అర్థం ఇదేనని, అడిగినది అందుతున్నదని ఆటగాళ్ళు సంతృప్తి చెందిన కాలం అది.

అయితే 2025 జనవరిలో మరో సంగతి బయటపడింది. సంస్థ నిర్వహణాధికారాలతో ముడిపడిన ఒక పాత ఖాతా దుండగుల చేతికి చిక్కిందని, దాని ద్వారా 66 మంది ఆటగాళ్ళ ఖాతాల్లోకి చొరబాటు జరిగిందని తేలింది. రూపకర్తలు పొరపాటును అంగీకరించి భద్రతా చర్యలు కట్టుదిట్టం చేశారు. వందల గంటలు వెచ్చించి కూడబెట్టిన వస్తువులు పోగొట్టుకున్న వారికి మాత్రం ఇది అసంపూర్తి సరకుతో వచ్చే సహజమైన లోపంగా తోచలేదు.

ఏప్రిల్ తిరుగుబాటు

అసలు పరీక్ష 2025 ఏప్రిల్ 4న ఎదురైంది. ‘డాన్ ఆఫ్ ది హంట్’ పేరిట విడుదలైన పెద్ద సవరణ ద్వారా బల్లెం ధరించే వేటగత్తె పాత్ర కొత్తగా వచ్చింది. అదే సమయంలో, అప్పటివరకు ప్రజాదరణ పొందిన అనేక పోరాట పద్ధతుల బలాన్ని రూపకర్తలు గణనీయంగా తగ్గించారు. సమతౌల్యం కోసమే ఈ కోత అన్నది వారి వాదన. తాము డబ్బు పెట్టి, కాలం వెచ్చించి నేర్చుకున్నది ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయిందన్నది ఆటగాళ్ళ ఆక్రోశం. స్టీమ్ వేదికపై ప్రతికూల సమీక్షలు వెల్లువెత్తాయి. శత్రువుల వేగాన్ని తగ్గించడం మొదలుకొని వరుస దిద్దుబాట్లను సంస్థ హడావిడిగా ప్రకటించవలసి వచ్చింది.

ఈ ఘట్టంలో ఎవరి వాదన సబబు అన్న ప్రశ్న కన్నా, అసలు ఒప్పందం ఏమిటన్న ప్రశ్నే ముఖ్యమైనది. నిర్మాత దృష్టిలో ముందస్తు దశ ప్రయోగశాల. అక్కడ దేనినైనా విరిచి తిరిగి అతికించే స్వేచ్ఛ తనకు ఉండాలి. ఆటగాడి దృష్టిలో అది అప్పటికే తాను నివసిస్తున్న ఇల్లు. మేస్త్రీ వచ్చి గోడలు పడగొడుతుంటే, ఇంకా కడుతూనే ఉన్నామన్న జవాబు అతనికి ఊరట కలిగించదు. రెండు పక్షాలూ సంతకం చేసినది ఒకే కాగితం మీద అయినా, చదువుకున్నది మాత్రం వేర్వేరుగా.

దీనికి మూల్యం చెల్లించిన మరో వర్గం కూడా ఉంది. వారు మొదటి ఆటకే కట్టుబడి ఉన్నవారు. పాత ఆటకు ప్రతి మూడు, నాలుగు నెలలకు ఒకసారి కొత్త ఘట్టాన్ని జోడించడం సంస్థ ఆనవాయితీ. 2024 జులైలో విడుదలైన ఘట్టం తరువాత సిబ్బందిని కొత్త ఆటపైకి మళ్ళించడంతో, తరువాతి పెద్ద ఘట్టం 2025 జూన్ 13న గాని వెలువడలేదు. దాదాపు 11 నెలల ఈ విరామానికి సంస్థ బహిరంగంగానే విచారం వెలిబుచ్చింది. కొత్త సంసారం కోసం పాత ఇంటి పొయ్యి ఆర్పరాదన్న విమర్శ ఆనాడు గట్టిగా వినిపించింది.

దరిమిలా 2025 ఆగస్టు 29న నాలుగవ అంకంతో కూడిన సవరణ వచ్చింది. మూడు అంకాలనే రెండవసారి ఆడవలసిన అవస్థను తొలగించి, మధ్యంతర ఘట్టాలను చేర్చారు. అమ్మకందారు ఆటలో లేని సమయంలోనూ వస్తువుల క్రయవిక్రయాలు జరిగే సౌకర్యాన్ని కల్పించారు. ఇది పాత ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి కోరుతూ వచ్చినది. అదే ఏడాది డిసెంబరు 12న మృగరూపం ధరించగల డ్రూయిడ్ పాత్ర ప్రవేశించింది. అప్పటికి ఏడాది దాటింది. 12 రకాల యోధులకు గాను ఎనిమిది, ఆరు అంకాలకు గాను నాలుగు మాత్రమే ఆటగాళ్ళకు అందాయి.

చేదు, తీపి

ముందస్తు ప్రవేశం అన్నివేళలా నష్టదాయకం అనడానికి వీల్లేదు. బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ ‘బాల్డర్స్ గేట్ 3’ను 2020 అక్టోబరులో అసంపూర్తిగా విడుదల చేసి, దాదాపు మూడేళ్ళపాటు ఆటగాళ్ళ సూచనలతో మెరుగుదిద్ది, 2023 ఆగస్టులో పూర్తి చేసింది. ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగా అది గేమ్ అవార్డ్స్ పురస్కారాన్ని అందుకుంది. ‘హేడిస్’ రెండు భాగాలూ ఇదే దారిలో నడిచి గట్టెక్కాయి. రెండవ భాగం 2024 మేలో ముందస్తుగా వచ్చి, 2025 సెప్టెంబరులో పూర్తయింది.

మరోవైపు ‘ది డే బిఫోర్’ ఉదంతం హెచ్చరికగా నిలిచింది. 2023 డిసెంబరు 7న ముందస్తు విక్రయానికి వచ్చిన ఈ ఆటకు ప్రచారంలో చూపినదానికీ, లోపల ఉన్నదానికీ పొంతన లేదన్న ఆగ్రహం పెల్లుబికింది. నాలుగు రోజులకే నిర్మాణ సంస్థ ఫన్‌టాస్టిక్ మూసివేతను ప్రకటించింది. కొన్నవారికి సొమ్ము వాపసు చేయవలసి వచ్చింది. 2012లో ప్రజల నుంచి విరాళాల సేకరణ ప్రారంభించిన ‘స్టార్ సిటిజన్’ 2024 నాటికి 70 కోట్ల డాలర్లకు పైగా రాబట్టినా పూర్తి రూపం దాల్చలేదు. ఈ రెండు కొసల మధ్య ‘పాత్ ఆఫ్ ఎక్సైల్ 2’ నడుస్తున్నదని చెప్పవచ్చు. సరకు ఉన్నది, పని జరుగుతున్నది, అయితే గడువు మాత్రం సాగుతూ వచ్చింది.

మన దేశంలో పరిస్థితి

భారతీయ వినియోగదారు విషయానికి వస్తే, ధర కన్నా ముందు మరొక అడ్డంకి ఉన్నది. ఈ ఆటకు కంప్యూటర్‌లో 100 జిబి ఖాళీ స్థలం కావాలి. ఆడినంతసేపూ ఇంటర్నెట్ అనుసంధానం ఉండి తీరాలి. రోజుకు ఒకటిన్నర జిబి డేటా ఇచ్చే సాధారణ మొబైల్ పథకంతో దీనిని దించుకోవాలంటే, ఫోన్‌ను మరే పనికీ వాడకుండా 67 రోజులు పడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాలలో ఫైబర్ అనుసంధానం ఉన్న ఇళ్ళలో ఇది కొన్ని గంటల పని.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న ఉసూర్ వంటి చోట లెక్క వేరు. 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలోని ఈ ప్రాంతం దశాబ్దాలుగా మావోయిస్టు ఘర్షణల నడుమ నలిగింది. అక్కడికి చేరువలోని కర్రెగుట్టలపై 2025 ఏప్రిల్, మే నెలల్లో భద్రతా దళాలు భారీ గాలింపు నిర్వహించాయి. రోడ్లు, ఫోన్ టవర్లు ఇటువంటి పల్లెలకు అందరికన్నా ఆలస్యంగా చేరాయి. దేశంలో 4జి సేవలు లేని 24,680 గ్రామాలకు వాటిని అందించేందుకు 26,316 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో పథకాన్ని ఆమోదించింది. ముందస్తు ప్రవేశం అన్న మాట ఒకచోట ఎవరికన్నా ముందు ఆడే హక్కు కాగా, మరొకచోట అసలు ప్రవేశమే ఆలస్యం. డిజిటల్ వస్తువులకు సరిహద్దులు లేవనే ప్రచారాన్ని ఈ తేడా దృష్ట్యా కొంత తగ్గించి చదువుకోవాలి.

ఇక చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆడే పందెపు ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఈ-స్పోర్ట్స్‌నూ, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలనూ వాటి నుంచి వేరుచేసింది. పందెం కాయకుండా కేవలం ప్రవేశ రుసుము చెల్లించి ఆడే ఆటలపై ఆ నిషేధ ఉద్దేశం లేదు. అయితే అసంపూర్తి ఆటను కొన్నవానికి అది పూర్తవుతుందన్న హామీ ఎవరిస్తారన్నది ఆ చట్టం చర్చించిన విషయం కాదు.

ఇదే ప్రశ్న మనకు ఇళ్ళ విషయంలో సుపరిచితమే. ‘ప్రీ లాంచ్’ పేరిట పునాది అయినా పడని ఫ్లాట్లకు డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాల వార్తలు హైదరాబాద్ పాఠకులకు కొత్త కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం ప్రకారం రెరా వద్ద నమోదు కాని ప్రాజెక్టులకు ప్రకటనలు, బుకింగులు నిషిద్ధం. విక్రయ ఒప్పందం రాసుకోకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. గడువులోగా ఇల్లు అప్పగించకపోతే కొనుగోలుదారు వడ్డీతో సహా సొమ్ము వాపసు కోరవచ్చు. ఆటల విషయంలో ఇంత స్పష్టమైన ఏర్పాటు లేదు. కొన్న 14 రోజుల్లోగా, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే స్టీమ్ వేదిక సొమ్ము తిరిగి ఇస్తుంది. వందల గంటలు ఆడిన తరువాత ఆట స్వరూపమే మారిపోతే ఆ నిబంధన ఉపయోగపడదు. రెండున్నర వేల రూపాయల నష్టాన్ని యాభై లక్షల ఇంటితో పోల్చరాదన్నది నిజమే. కాని చెల్లించినది నేటి డబ్బు, లభించినది రేపటి మాట అన్న సూత్రం రెండింటా ఒకటే.

హైదరాబాద్‌కు పాఠం

ఈ చర్చ మన నిర్మాతలకు కూడా సంబంధించినదే. యానిమేషన్, గేమింగ్ రంగాల ప్రోత్సాహానికి తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ భారతీయ పురాణ వాతావరణంతో ‘అసుర’ అనే యాక్షన్ ఆటను 2017లో అంతర్జాతీయ విపణికి అందించింది. దేశంలోని ఆటల రూపకర్తల వార్షిక సదస్సుకు 2023, 2024 సంవత్సరాల్లో హైదరాబాదే వేదికగా నిలిచింది. పెద్ద పెట్టుబడులు దొరకని ఇటువంటి సంస్థలకు ముందస్తు విక్రయం ఆకర్షణీయమైన మార్గం. టెన్సెంట్ అండ ఉన్న సంస్థ ఒక ఏప్రిల్ నెల ఆగ్రహాన్ని తట్టుకొని నిలబడగలదు. పది మంది పనిచేసే స్టూడియోకు ఆ శక్తి ఉండదు. వారికి మొదటి దఫా కొనుగోలుదారుల నమ్మకమే మూలధనం. చెప్పిన గడువును దాటినప్పుడు ఆ సంగతిని ముందుగా చెప్పడం, ఇప్పుడు ఇస్తున్నదెంతో, ఇవ్వబోయేదెంతో పక్కపక్కన రాసి చూపడం ఆ మూలధనాన్ని కాపాడే మార్గాలు.

కొనుగోలుదారుకు సైతం ఇందులో సులభమైన కొలబద్ద ఒకటి ఉన్నది. ఆట నేటితో ఆగిపోయి, ఇక మీదట ఒక్క మార్పూ రాకపోయినా చెల్లించిన ధరకు అది తగినదేనా అని ప్రశ్నించుకోవాలి. ప్రస్తుత స్థితిలో నచ్చకపోతే వేచి ఉండమని స్టీమ్ వేదిక కూడా తన కొనుగోలుదారులకు సూచిస్తున్నది. 2024 డిసెంబరులో మూడు అంకాలు, ఆరుగురు యోధులు తమకు చాలుననుకొని కొన్నవారికి ఆ తరువాత వచ్చినదంతా లాభమే. 12 మంది యోధులను, ఆరు అంకాలను మనసులో లెక్కగట్టి కొన్నవారు, ఏడాది గడిచాక కూడా మిగిలిన బాకీని లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.